నలభై వేల లోపు హాలో బాడీ గిటారు: ఏది కొనాలి, కొన్నాక ముందు ఏం మార్చాలి?

కృష్ణాతీరం:

నమస్తే అండీ. ఉండేది విజయవాడ. ఇన్నాళ్లూ సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్‌తోనే గడిపేశాను, ఇప్పుడు ఎఫ్ హోల్స్ (పైచెక్క మీద ఎఫ్ అక్షరం ఆకారపు కన్నాలు) ఉన్న, లోపల డొల్లగా ఉండే హాలో బాడీ గిటారు ఒకటి తీసుకోవాలని ఉంది. బడ్జెట్ నలభై వేలు, మార్పులకు విడిగా ఇంకో ఎనిమిది వేలు. జాజ్ కార్డ్స్, పాత పాటల మెలోడీలు, కొంచెం బ్లూస్. డిస్టార్షన్ దాదాపు వాడను. ఎక్కువగా ఇంట్లో, రాత్రిపూట, చిన్న యాంప్ మీద వాయిస్తాను. నెలకోసారి కెఫేలో డ్రమ్మర్‌తో.

చూసినవి: ఐబనెజ్ ఏఎఫ్75, ఐబనెజ్ ఏఎస్73, గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్‌లో జీ2420, జీ2622. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత ఎపిఫోన్ డాట్ కూడా కనబడింది. ఫోటోల్లో చూస్తే అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి, తేడా ఎక్కడ? కొనగానే పికప్స్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేవి) మార్చేయమని ఒకరు, కాదు పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్లు) ముందు అని ఇంకొకరు అంటున్నారు. వెనక మూత లేని గిటారుకి వైరింగ్ ఇంట్లో చేసుకోవడం అయ్యే పనేనా? సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూసుకోవాలి?

ఎఫ్‌హోల్:

మీరు రాసిన అయిదూ రెండు జాతులు. ఏఎఫ్75, జీ2420 పూర్తిగా డొల్ల. ఏఎస్73, జీ2622, డాట్ మూడింటికీ లోపల నెక్ దగ్గర్నుంచి అడుగు దాకా నిలువునా ఒక చెక్క దిమ్మ ఉంటుంది, దాన్నే సెంటర్ బ్లాక్ అంటారు. ఈ ఏర్పాటుకు పేరు తెచ్చింది 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335. మధ్యలో దిమ్మ, రెండు పక్కలా గాలి. పికప్స్, బ్రిడ్జి ఆ దిమ్మ మీదే కూర్చుంటాయి కాబట్టి యాంప్ శబ్దానికి పైచెక్క డప్పులా ఊగదు.

పైకి చూసి మోసపోయేది ఎపిఫోన్ క్యాసినో విషయంలో. పల్చటి ఒళ్లు, రెండు కొమ్ములు, అచ్చం 335 రూపం. లోపల మాత్రం దిమ్మ లేదు. 1959 నాటి గిబ్సన్ ఈఎస్-330కి తోబుట్టువు అది. ఎవరైనా సెకండ్ హ్యాండ్ క్యాసినో చూపించి 'సెమీ హాలో' (దిమ్మ ఉన్నది) అంటే నమ్మకండి. బ్రిడ్జి పికప్ కింద దిమ్మ ఉందా లేదా అన్నది ఎఫ్ హోల్‌లోంచి ఫోన్ టార్చి వేస్తే అర సెకనులో తెలిసిపోతుంది. రెండు పక్కల హోల్స్ మధ్య అడ్డుగోడ కనబడితే దిమ్మ ఉన్నట్టు. ఒక హోల్‌లో టార్చి వేస్తే రెండో హోల్‌లోంచి ధారాళంగా వెలుతురు వస్తే డొల్ల.

పూర్తి హాలో అయితే స్వరం మొదట్లో 'టక్' మని విచ్చుకుని తొందరగా తగ్గిపోతుంది. జాజ్ కార్డ్స్‌కి కావలసింది అదే. దిమ్మ ఉన్నవాటిలో స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది, బ్లూస్‌లో తీగ వంచి ఆపుకోవడానికి బాగుంటుంది. యాంప్ తీయకుండా ఇంట్లో వాయించుకోవడానికి డొల్లదే సుఖం, గదికి సరిపడా శబ్దం దానంతట అదే వస్తుంది.

డ్రమ్మర్ ఉన్నాడన్నారు కాబట్టి నా ఓటు ఏఎస్73కి. ఆ డ్రమ్మర్ బ్రష్‌లతో వాయించే మనిషైతే ఏఎఫ్75 కూడా నడుస్తుంది. డ్రమ్స్ మీద వినబడాలని యాంప్ పెంచిన కొద్దీ డొల్ల గిటారు లోపలి గాలి కూడా ఊగడం మొదలెడుతుంది. చాలా వాటిల్లో ఇది 100 హెర్ట్‌జ్‌కి అటూ ఇటూ, అంటే ఆరో తీగ మూడో ఫ్రెట్ జీ, అయిదో తీగ ఓపెన్ ఏ చుట్టుపక్కల. ఆ స్వరం తాకగానే 'బూఁ' మని పట్టుకుని వదలదు.

ఇంకొక మాట. 'ప్లైవుడ్ గిటారు' అని కొట్టిపారేసేవాళ్లు తగులుతారు. ఈ ధరలో అన్నీ లామినేటే, అది లోపం కాదు. 1949లో వచ్చి జాజ్ గిటారు అంటే ఇదే అనిపించుకున్న గిబ్సన్ ఈఎస్-175 పైచెక్క కూడా లామినేటే. లామినేట్ తక్కువ ఊగుతుంది, యాంప్ శబ్దానికి గిటారు తిరిగి ఊగి మోగే ఫీడ్‌బ్యాక్‌ని కాస్త తట్టుకుంటుంది, బెజవాడ ఉక్కపోతకి తొందరగా ఉబ్బదు.

పదినలభైఆరు:

సెకండ్ హ్యాండ్ సంగతి నేను చెబుతా. చేతికి తీసుకోగానే యాంప్‌కి పెట్టకండి, ముందు ఒట్టిగా చూడండి.

హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే తల భాగం) వెనక, నట్‌కి (నెక్ మొదట్లో తీగలు ఆనే గాడుల పట్టీ) సరిగ్గా కింద, వేలిగోరు అడ్డంగా గీయండి. గీత తగిలితే ఎప్పుడో విరిగి అతికించినదన్నమాట. హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉండే ఈ తరహా నెక్‌లు పడిపోతే విరిగేది అక్కడే. బాగా అతికిస్తే వాయించడానికి ఇబ్బంది లేదు గానీ ధర సగానికి దిగాలి. తర్వాత నెక్ ఒంట్లో కలిసే చోట విజిటింగ్ కార్డు మూల దూర్చి చూడండి. దూరిందంటే వదిలేయండి, ఆ రిపేరు గిటారు ధరతో పోటీ పడుతుంది.

పిడికిలి కీలుతో పైచెక్కనీ వెనకచెక్కనీ అక్కడక్కడా తట్టండి. ఒకచోట 'టుక్', ఇంకోచోట చిరిగిన కాగితంలా 'టర్ర్' అంటే లోపలి పట్టీ ఊడింది. పక్కన కేబుల్ పెట్టే జాక్ చుట్టూ చూడండి. పల్చటి పక్కచెక్క మీదే జాక్ బిగిస్తారు, ఎవరో కేబుల్ తొక్కి ఉంటే అక్కడ బీట ఉంటుంది. జాక్ చేత్తో తిప్పితే తిరుగుతుంటే లోపల వైరు మెలితిరిగి తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే.

ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) బిగించే నట్ ఒక పావు చుట్టు అటూ ఇటూ తిరుగుతుందో లేదో అమ్మేవాళ్ల ఎదుటే చూడాలి. చివరిదాకా బిగించేసి ఇంకా నెక్ ముందుకే వంగి ఉంటే కొనొద్దు.

ఎలక్ట్రికల్స్‌కి ఒక మల్టీమీటర్ పట్టుకెళ్లండి. గిటారుకి కేబుల్ పెట్టి, అవతలి కొస ప్లగ్ మొనకీ ఒంటికీ మీటర్ పిన్నులు ఆనించి, 20 కిలో ఓమ్స్ రేంజిలో పెట్టండి. వాల్యూమ్ పూర్తిగా తెరవాలి. 8 కిలో ఓమ్స్ పికప్, 500 కిలో ఓమ్స్ పాట్ ఉంటే మీటర్ 7.87 చుట్టూ చూపిస్తుంది. స్విచ్ మధ్యలో పెడితే రెండు పికప్స్ కలిసి సుమారు సగం, 3.9. అనంతం చూపిస్తే ఎక్కడో తెగింది. వాల్యూమ్ తెరిచి ఉండగా సున్నా చూపిస్తే ఎక్కడో షార్ట్. మూత విప్పకుండా ఇంత సమాచారం ఇంకెలాగా రాదు.

ఇక మీ అసలు ప్రశ్న, ముందు ఏం మార్చాలి. తీగలు. తర్వాత సెటప్, అంటే నెక్ వంపు, తీగల ఎత్తు, శ్రుతి సరిచేయడం. తర్వాత నట్. ఈ మూడూ అయ్యాక నెల రోజులు వాయించి, అప్పుడు కూడా పికప్ నచ్చకపోతే మార్చండి. ఈ ధర గిటార్లు ఫ్యాక్టరీ నుంచి సాధారణంగా సన్నటి రౌండ్‌వూండ్ (గుండ్రటి తీగ చుట్టిన, గరుకు) తీగలతో వస్తాయి. వాటితో డొల్ల గిటారు గరగరలాడుతుంది, జనం పికప్‌ని తిడతారు. 11-49 (ఒకటో తీగ, ఆరో తీగ మందాలు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) రౌండ్‌వూండ్ వేసినా పైచెక్క కదులుతుంది, స్వరం నిండుగా వస్తుంది. జాజ్ కార్డ్సే ఎక్కువైతే ఫ్లాట్‌వూండ్ (బల్లపరుపు పట్టీ చుట్టిన, నున్నటి తీగలు) వేయండి. డి'అడారియో క్రోమ్స్ 11-50 కొంచెం బిగువుగా ఉంటాయి. థోమాస్టిక్ జాజ్ స్వింగ్ 11-47 వేలికి మెత్తన, ధర బాగా ఎక్కువ, కానీ ఫ్లాట్‌వూండ్ ఎక్కువ కాలం నిలుస్తాయి కాబట్టి లెక్క సరిపోతుంది. బ్లూస్‌లో మూడో తీగ వంచే అలవాటుంటే ఒక విషయం: ఈ సెట్లలో మూడో తీగ కూడా చుట్టిన తీగే, పూర్తి స్వరం వంచడం చేతికి తెలుస్తుంది.

లావు తీగ వేశాక నట్ గాడి చాలదు. 46 ఉన్న గాడిలో 50 పెడితే అది అడుక్కి దిగక పైనే కూర్చుంటుంది, మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కితే స్వరం ఎక్కువ పలుకుతుంది. పరీక్ష: తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. ఒక ఏ4 కాగితం మందం, అంటే పదో వంతు మిల్లీమీటరు, చాలు. అంతకంటే బాగా ఎక్కువుంటే గాడి లోతు చేయాలి. ఒక్కసారి ఎక్కువ అరిగిస్తే ఓపెన్ తీగ బర్రుమంటుంది, వెనక్కి రాదు. నట్ ఫైళ్లు లేకపోతే ఈ పని గిటార్లు బాగుచేసే లూథియర్‌కి ఇచ్చేయండి, రంపం ముక్కలతో ప్రయోగాలొద్దు.

నెక్ వంపు: మొదటి ఫ్రెట్టూ చివరి ఫ్రెట్టూ ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రెండు ఏ4 కాగితాల సందు ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఒకటో తీగకి 1.6, ఆరో తీగకి 2 మిల్లీమీటర్లు. ట్రస్ రాడ్ ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పొద్దు. ఈ వరుస కూడా ముఖ్యమే: తీగలు, నెక్ వంపు, ఎత్తు, చివర్న శ్రుతి సరిచేయడం. తిరగేసి చేస్తే అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

కోఠి టాంకం:

పాట్లు మార్చమన్నవాళ్ల మాట పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. హంబకర్ (హమ్ తగ్గించే రెండు చుట్టల) పికప్స్‌కి 500 కిలో ఓమ్స్ పాట్లు ఉండాలి. లోపల ఉన్నవి అవే అయితే, అదే విలువ ఉన్న ఖరీదైన పాట్లు వేసినంత మాత్రాన స్వరం మారదు. మారేది తిప్పినప్పుడు చేతికి తెలిసే బిగువు, మన్నిక. గరగరలాడుతుంటే ముందు ప్రతి నాబ్‌నీ ఈ చివర్నుంచి ఆ చివరికి ముప్పై సార్లు తిప్పండి. సగం గరగర అక్కడే పోతుంది.

కొలతల గొడవ తెలియకుండా పార్ట్స్ ఆర్డర్ పెట్టకండి. ఈ గిటార్లలో సాధారణంగా 16 మిల్లీమీటర్ల చిన్న పాట్లు ఉంటాయి, వాటి కన్నం 8 మిల్లీమీటర్ల లోపే. అమెరికన్ సీటీఎస్ పాట్‌కి 9.5 మిల్లీమీటర్ల కన్నం కావాలి, డబ్బా కూడా 24 మిల్లీమీటర్లు. లామినేట్ పైచెక్కకి డ్రిల్లు పెడితే ఫినిష్ పెచ్చులూడుతుంది. డ్రిల్లు కాకుండా టేపర్డ్ రీమర్‌తో చేత్తో నెమ్మదిగా తిప్పాలి. పైగా పాత నాబ్‌లు కొత్త పాట్‌కి పట్టవు, షాఫ్ట్ పళ్ల లెక్క వేరు. ఇంత ప్రయాస ఎందుకు, చిన్న సైజులోనే మంచివి, ఏ500కే అని రాసినవి, తీసుకోండి. హైదరాబాదు వెళ్తే కోఠి గుజరాతీ గల్లీలో చిన్న పాట్లు, కెపాసిటర్లు, హీట్ ష్రింక్ అన్నీ దొరుకుతాయి, కానీ అక్కడ అడగ్గానే చేతిలో పెట్టేది బీ500కే కావచ్చు. బీ అంటే లీనియర్, తిప్పిన కొద్దీ విలువ సమానంగా మారేది. వాల్యూమ్‌కి వేస్తే పది నుంచి మూడు దాకా ఏమీ తగ్గనట్టుండి ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. టోన్ కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్, దాని మీద 223 అని ఉంటుంది. 473 ఇచ్చారంటే అది 0.047, టోన్ తగ్గిస్తే దుప్పటి కప్పినట్టుంటుంది.

ఇంట్లో అయ్యే పనేనా అన్నారు. అవుతుంది, ఒక ఆదివారం మొత్తం పెట్టుకోండి. సెంటర్ బ్లాక్ ఉన్నదానికంటే పూర్తి డొల్లకి సులువు.

ముందు ఫోటోలు. తర్వాత పైచెక్క మీద కాగితం పరిచి, పాట్ షాఫ్ట్‌ల దగ్గర, స్విచ్ దగ్గర పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. ఆ అచ్చుని అట్టముక్క మీద అంటించి కన్నాలు చేయండి. కొత్త వైరింగ్ మొత్తం ఆ అట్ట మీద బిగించి, అక్కడే టాంకం వేసి, అక్కడే పరీక్షించాలి. గిటారు లోపలికి వెళ్లాక సరిచేద్దాంలే అనుకుంటే అంతే సంగతులు.

పాతవి తీసేటప్పుడు నాబ్‌లు స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. నాబ్ కింద పాత కాటన్ గుడ్డ దూర్చి, రెండు చేతులా పైకి లాగితే వస్తుంది. నట్ విప్పే ముందు ప్రతి షాఫ్ట్‌కీ గట్టి నైలాన్ దారం కట్టండి, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఇంకా బాగా పనిచేసేది మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక ట్యూబు. లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లది షాఫ్ట్ మీద బిగుతుగా ఎక్కుతుంది. పాట్‌ని లోపలికి నెట్టి ఎఫ్ హోల్‌లోంచి బయటికి తీసినా, ట్యూబు రెండో కొస కన్నంలోనే ఉంటుంది. కొత్తది అదే ట్యూబుకి తగిలించి లాగితే నేరుగా తన కన్నంలోకి వచ్చి తల పెడుతుంది.

జాక్‌కి మాత్రం దారం నిలవదు. పక్కచెక్క కన్నంలోంచి ఒక సన్నటి కర్రపుల్ల లోపలికి పంపి, ఎఫ్ హోల్ దగ్గర దాన్ని జాక్ నోట్లో గట్టిగా దూర్చి, వెనక్కి లాగండి. బయటికి రాగానే వాషరు, నట్టు. లోపలి వైపు పళ్ల వాషరు మరిచిపోతే మళ్లీ తిరుగుడు మొదలు.

ఎఫ్ హోల్‌లోంచి పట్టకపోతే పికప్ విప్పి ఆ రంధ్రంలోంచి పంపండి. దిమ్మ ఉన్న గిటార్లలో పికప్ గుంట పక్కన గదిలోకి దారి తవ్వి ఉంటుంది, కొన్నిట్లో అది వైరు పట్టేంత మాత్రమే.

టాంకం: పాట్ వీపు మీద వేయడానికి 25 వాట్ ఐరన్ చాలదు. వేడెక్కక అరనిమిషం పెడతారు, ఆలోగా లోపలి కార్బన్ పట్టీ మాడుతుంది, పైన మాత్రం సీసం ముత్యంలా గుండ్రంగా నిలుస్తుంది, గోరుతో గీకితే ఊడుతుంది. 40 నుంచి 60 వాట్ ఐరన్, 60/40 రోజిన్ కోర్ సీసం, పాట్ వీపుని ముందు గరుకు కాగితంతో రుద్దాలి. నాలుగైదు సెకన్లలో సీసం నీళ్లలా పరుచుకోవాలి.

పికప్ నుంచి వచ్చేది బయట జల్లెడ అల్లిక ఉన్న వైరైతే, ఆ అల్లికే గ్రౌండ్. అది ఏ పాట్ కాలికి తగిలినా ఆ పికప్ మూగబోతుంది. డొల్లలో వైర్లు కదులుతుంటాయి కాబట్టి ప్రతి అల్లిక మీదా హీట్ ష్రింక్ తొడగండి. వైరు పొడుగు అట్ట మీద కొలిచినదానికి మూడు నాలుగు సెంటీమీటర్లు అదనం, అంతే. ఎక్కువైతే పైచెక్కకి కొట్టుకుని టకటకమంటుంది.

ఇంట్లో తక్కువ శబ్దంలో వాయిస్తానన్నారు కాబట్టి, ఐరన్ ఎలాగూ వేడెక్కింది గనక, వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలికీ మధ్య కాలికీ నడుమ 150 కిలో ఓమ్స్ రెసిస్టరు, 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్ పక్కపక్కనే కలిపి వేయండి. ఆ కెపాసిటర్ మీద 102 అని ఉంటుంది. వాల్యూమ్ తగ్గించినా స్వరం మొద్దుబారదు.

బకర్ బాబాయ్:

పికప్స్ మార్చాలనే నిర్ణయానికి వస్తే రెండు మాటలు. కొనే ముందు పాతదాని కాళ్లు కొలవండి. పొడుగు కాళ్ల పికప్ దిమ్మ ఉన్న గిటారులో అడుగుకి తగిలి కిందికి దిగదు. ఒకటో తీగకీ ఆరో తీగకీ మధ్య దూరం కూడా చూడండి, హంబకర్లలో దాదాపు 49, 52 మిల్లీమీటర్లు అని రెండు రకాలు ఉన్నాయి. క్యాసినో తరహా డాగ్‌ఇయర్ పీ-90 (ఒకే చుట్ట ఉన్న పికప్) ఉన్న గిటారులో హంబకర్ పెట్టాలని చెక్క కోయకండి, పాపం తగులుతుంది.

వైర్ల రంగులు కంపెనీకో తీరు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సీమోర్ డంకన్ నాలుగు వైర్లలో నలుపు హాట్ (సిగ్నల్ వచ్చే వైరు), ఆకుపచ్చా ఒట్టి తీగా కలిపి గ్రౌండ్, ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి కలిపి టేపు చుట్టాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ కలిపి చుట్టాలి. ఒక కంపెనీది నెక్‌లో, ఇంకోటి బ్రిడ్జిలో వేస్తే రెండూ కలిపినప్పుడు స్వరం డొక్కుగా, ముక్కుతో మాట్లాడినట్టు రావచ్చు. ఫేజ్ ఎదురైందన్నమాట, ఒక పికప్ హాట్, గ్రౌండ్ తారుమారు చేస్తే సరి. ఒట్టి తీగ మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌లోనే ఉండాలి.

డొల్ల గిటారుకి మైనంలో ముంచిన పికప్ తీసుకోవడం మంచిది. ముంచనిదాన్ని గోటితో తడితే యాంప్‌లో వినబడుతుంది, శబ్దం పెంచితే సన్నగా కీచుమంటుంది. మీరు వాయించే శైలికి నెక్‌లో 7.5 కిలో ఓమ్స్ చుట్టూ ఉన్నది చాలు. ఎక్కువ చుట్లున్న హాట్ పికప్ వేస్తే కార్డులోని నాలుగు స్వరాలూ ముద్దైపోతాయి. ఇంకా ముందు, డబ్బు ఖర్చు లేని పని: నెక్ పికప్‌ని రెండు మిల్లీమీటర్లు కిందికి దింపి చూడండి. పదినలభైఆరు గారు చెప్పిన తీగలు వేసి ఈ పని చేస్తే ఎనిమిది వేలు మిగలొచ్చు.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. సెకండ్ హ్యాండ్‌లో శుభ్రంగా ఉన్న పూర్తి హాలో దొరికింది, అదే తీసుకున్నా. ఎఫ్‌హోల్ గారు తిట్టుకోవద్దు, డ్రమ్మర్ బ్రష్‌లే వాడతానన్నాడు. మీటర్ రీడింగ్: నెక్ 7.6, బ్రిడ్జి 8.1, మధ్యలో 3.9.

ఫ్లాట్‌వూండ్ 11-50 వేద్దామని పాత తీగలన్నీ ఒకేసారి విప్పేశా. బ్రిడ్జి చేతిలోకొచ్చేసింది, దానికి మేకులేమీ లేవని అప్పుడు తెలిసింది! ఎక్కడుండేదో గుర్తు లేదు. అంచనాగా పెట్టి తీగలు బిగిస్తే 12వ ఫ్రెట్ పైన అన్నీ అపశ్రుతి. ఓపెన్ డీ మీటితే ఎక్కడో సన్నగా 'జ్‌జ్' మంటోంది, యాంప్‌లో వినబడదు, చెవికి వినబడుతుంది. ఇంకొకటి, తీగల మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. గ్రౌండ్ పోయిందా?

పదినలభైఆరు:

మీటర్ లెక్క బాగుంది, లోపల పాట్లు ఉండాల్సినట్టే ఉన్నాయి.

తేలే బ్రిడ్జికి తీగలు ఒకటొకటిగానే మార్చాలి. ఎలాగూ విప్పారు కాబట్టి ఇదీ మంచికే, బ్రిడ్జి కింద ఉండే చెక్క దిమ్మ (సెంటర్ బ్లాక్ కాదు) అడుగు పైచెక్కకి పూర్తిగా ఆనుతోందో లేదో చూసుకోండి. కాగితం ముక్క దిమ్మ కాళ్ల కింద అన్ని వైపులా దూర్చి చూడండి. ఎక్కడైనా దూరితే అక్కడ ఆనడం లేదు, స్వరం అక్కడే కారిపోతుంది. పైచెక్క మీద మాస్కింగ్ టేపు వేసి, దాని మీద 120 నంబరు గరుకు కాగితాన్ని గరుకు పైకి ఉండేలా అంటించి, దిమ్మని తన చోటే పెట్టి తీగల దిశలో చిన్నచిన్నగా రుద్దండి. దిమ్మని నిటారుగా పట్టుకోవాలి, ఊగితే అడుగు గుండ్రమైపోతుంది. కాళ్ల అడుగంతా ఒకే రంగు గీతలు వచ్చాక 220తో నాలుగు సార్లు రుద్దితే చాలు.

స్థానం: నట్ లోపలి అంచు నుంచి 12వ ఫ్రెట్ మధ్య దాకా కొలవండి. ఈ తరహా స్కేల్‌లో 314 మిల్లీమీటర్లు వస్తుంది. అదే దూరం 12వ ఫ్రెట్ నుంచి ఇవతలికి, ఒకటో తీగ సాడిల్‌కి (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిపి పెట్టండి. ఆరో తీగ వైపు ఇంకో రెండు మూడు వెనక్కి. సాడిల్స్ అన్నీ ముందుగా తమ దారిలో మధ్యకి తెచ్చుకుని, బ్రిడ్జి మొత్తాన్ని జరిపి ఒకటీ ఆరూ సరిచూడండి, తర్వాత ఒక్కో స్క్రూ. 12 దగ్గర హార్మోనిక్ (నొక్కకుండా వేలు ఆనించి పలికించే స్వరం) కంటే నొక్కిన స్వరం ఎక్కువ పలికితే సాడిల్ టెయిల్‌పీస్ (తీగల కొసలు పట్టేది) వైపుకి, తక్కువైతే నెక్ వైపుకి. సరిపోయాక దిమ్మ నాలుగు మూలలా మాస్కింగ్ టేపు ముక్కలు అంటించి ఫోటో తీసుకోండి. గట్టిగా కొట్టినప్పుడు జారుతుంటే కాళ్ల కింద పల్చటి డబుల్ సైడ్ టేపు పెట్టొచ్చు, పిన్నులు కొట్టక్కర్లేదు.

'జ్‌జ్' కి మూడు చోట్లు వెతకండి. డీ మోగుతుండగా బ్రిడ్జికీ టెయిల్‌పీస్‌కీ మధ్య తీగల మీద అరచెయ్యి వేయండి, ఆగితే అక్కడి తీగలే. సన్నటి ఫెల్టు లేదా తోలు పట్టీ ఒకటి పైకీ ఒకటి కిందికీ అల్లితే పోతుంది. ఆగకపోతే బ్రిడ్జి ఎత్తు చక్రాల బోల్టు మీద వేలు అదమండి. మర వదులైతే ప్లంబర్లు కుళాయికి చుట్టే తెల్ల టేపు ఒక చుట్టు చాలు. మూడోది సాడిల్ స్క్రూలు ఊడకుండా పట్టే సన్నటి తీగ, ఉంటే కొంచెం వంచి బిగించాలి.

కోఠి టాంకం:

హమ్ విషయం: తీగలు తాకితే తగ్గుతోందంటే టెయిల్‌పీస్ గ్రౌండ్ బాగానే ఉంది. మన ఒళ్లు పట్టే హమ్ ఆ దారిన దిగిపోతోంది, అది మామూలే. తాకినా తేడా రాకపోతే టెయిల్‌పీస్ కింద నొక్కి ఉంచే గ్రౌండ్ వైరు జారిందని అర్థం. తాకితే పెరిగిందంటే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారు. మీకు రెండూ లేవు. ట్యూబ్‌లైటు చోకు, ఫోన్ చార్జరు పక్కన లేకుండా చూసుకోండి, యాంప్‌ని మూడు పిన్నుల ప్లగ్గుకే పెట్టండి.

ఎఫ్‌హోల్:

డ్రమ్మర్లందరూ బ్రష్‌లతోనే మొదలెడతారు లెండి, కర్రలు రెండో పాటకి వస్తాయి. ఆ రోజుకి సిద్ధంగా ఉండండి. యాంప్‌కి ఎదురుగా నిలబడొద్దు, పక్కకి తిరిగి గిటారు వీపు మీ పొట్టకి ఆనించి ఉంచండి. యాంప్ నేల మీద కాక కుర్చీ మీద పెడితే అడుగు స్వరాలు తగ్గుతాయి. ఒక్కో శ్రుతి స్థాయిని విడిగా తగ్గించే ఈక్యూ పెడల్ ఉంటే 100 హెర్ట్‌జ్ దగ్గర నాలుగైదు డెసిబెల్స్ దించండి. అప్పటికీ మొరాయిస్తే ఎఫ్ హోల్స్ మూసేయడమే. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ పేరుతో గిబ్సన్ 1980లో తెచ్చిన లూసిల్‌కి ఎఫ్ హోల్సే లేవు, కారణం ఇదే.

టీవీ ప్యాకింగ్‌లో వచ్చే నల్లటి మెత్తని ఫోమ్ ఒకటిన్నర సెంటీమీటరు మందంది తీసుకుని, హోల్ మీద కాగితం పెట్టి రుద్ది అచ్చు తీసి, చుట్టూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కత్తిరించండి. ముందు ఆరో తీగ వైపు హోల్ ఒక్కటే మూసి వాయించి చూడండి, చాలాసార్లు అది చాలు. ప్రతి ముక్కకీ నల్ల దారం కుట్టి కొస బయటికి వదలండి. లేకపోతే ముక్క లోపల పడుతుంది, గిటారు బోర్లించి ఊపుతూ అరగంట, ఆ అరగంట సరిగ్గా మీ పేరు పిలిచినప్పుడే వస్తుంది.